పుట తిప్పే చోటు

లైప్‌జిగ్ నుంచి గ్రిమ్మా వెళ్లే టపా బండి మజిలీలో గుర్రాలు మార్చుకుని బయల్దేరబోతుండగా, బెనిగ్నా రాయ్‌షర్ ఎదుటి సీటులో ఒక భారీ మనిషి వచ్చి పడ్డాడు. కూర్చున్నాడనడానికి వీల్లేదు, పడ్డాడు. టోపీ పెట్టె ఒకటి, బట్ట కప్పిన బుట్ట ఒకటి, వాటి వెనకాల ఆయన పొట్ట. బండి కదిలిన కుదుపుకి ఆయన మోకాళ్లు ఆమె ఒళ్లో ఉన్న మూటకి తగిలాయి. ఆమె మూటని ఇంకా దగ్గరికి లాక్కుంది.

"ఏమ్మా, ఆ మూట కాస్త పైన పెట్టుకోకూడదూ? నా మోకాళ్లకి తావు లేదు."

"మీ మోకాళ్లే పైన పెట్టుకోండి," అంది బెనిగ్నా.

టపా బండిలో తగాదా మోకాళ్లతో మొదలై కిటికీ దాకా వెళ్లి, తిండి దగ్గర చల్లారుతుంది. సాక్సనీలోనే కాదు, చక్రాల మీద మనుషుల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టిన ప్రతి దేశంలోనూ ఇదే వరస. ఈ ఇద్దరూ కిటికీ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగారు. ఆయనకి గాలి కావాలి, ఆమెకి దుమ్ము వద్దు. మూటలో ఉన్నది కొత్తగా బైండు చేసిన పుస్తకం, జిగురు ఇంకా పూర్తిగా ఆరలేదు. మూడు అంగుళాల మేర తెరిచేలా ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత ఆయన బుట్ట మీది బట్ట తీసి, ఆల్‌బుఖారా పళ్లు పరిచిన కేకు ముక్క ఒకటి ఆమెకి అందించాడు. ఇవ్వాలని లేదు, ఎదురుగా మనిషి ఉండగా ఒక్కడే తినడం బాగుండదు కాబట్టి ఇచ్చాడు. ఆమె కూడా తినాలని లేకే తీసుకుంది.

బెనిగ్నాకి యాభై నాలుగేళ్లు. లైప్‌జిగ్‌లో నాలుగో అంతస్తు గదిలో ఒంటరి కాపురం. చేసేది సంగీతానికి నకళ్లు రాయడం. స్వరకర్తలు చిత్తుగా గిలికి పారేసినదాన్ని, వాయించేవాళ్లు చదవగలిగేలా, అచ్చువేసేవాళ్లు తిట్టుకోకుండా ఉండేలా సాపు చేసి రాసివ్వడం. వాళ్ల నాన్న నగర సభ గోపురం మీంచి పొద్దునా సాయంత్రం బాకా ఊదే మేళంలో మనిషి. చాలని బతుకుకి ఆసరాగా నకళ్లు రాసేవాడు. తొమ్మిదో ఏట కూతురి చేతికి ఐదు పాళీల కలం ఇచ్చాడు. స్వరాలు కూర్చోబెట్టే ఐదు గీతలూ ఒక్క ఈడుపుతో సమానంగా పడాలి. పడేదాకా వారం రోజులు మరో పని చెప్పలేదు.

ఆయన కోపం ఎప్పుడొచ్చేదో చెప్పుకోవాలి. కూతురు తప్పు స్వరం రాస్తే దిద్దమని ఊరుకునేవాడు. పుట ముగించకూడని చోట ముగిస్తే మాత్రం లాక్కెళ్లి పియానో ముందు కూలేసేవాడు. "వాయించు," అనేవాడు. రెండు చేతులూ స్వరాల మీద పరుగెత్తుతుండగా పుట అయిపోయేది. తిప్పాలంటే చేతులు ఆగాలి, చేతులు ఆగితే పాట తెగిపోతుంది. తెగిన చోట వేళ్ల మీద బెత్తంతో ఒక్కటి పడేది. ఒక చేతికి విరామం దొరికే చోట చూసి పుట ముగించడం ఆమెకి అలా వచ్చింది. రెండు నెలల తర్వాత బెత్తం అవసరం లేకపోయింది. కానీ ఆ రెండు నెలలూ ఆమె మరిచిపోలేదు, తండ్రిని మన్నించనూ లేదు. పని పూర్తయ్యాక ఆఖరి పుట అడుగున చిన్న బాకా బొమ్మ, పక్కన పేరులో మొదటి అక్షరాలు, తేదీ. అది ఆ ఇంటి గుర్తు. తండ్రి పోయాక ఆమె దాన్నే పెట్టుకుంటూ వచ్చింది, ఇన్నేళ్లలో ఒక్క నకలుకీ మానకుండా.

ఒళ్లోని పుస్తకానికే ఆ గుర్తు లేదు.

"మా ఇంట్లో రేపు పెళ్లి," అన్నాడు ఎదుటాయన, కేకు ఇచ్చాడు కాబట్టి మాట్లాడే హక్కు వచ్చినట్టు. "రోడన్‌బాఖ్‌లో. నేను అక్కడ కాంటోర్ని. చోకె అంటే చుట్టుపక్కల ఎవరైనా చెప్తారు."

చర్చిలో ఆర్గన్ వాయించడమూ బడిలో పిల్లలకి చదువు చెప్పడమూ ఒకరే చేస్తే ఆయనే కాంటోరు. చోకె రెండూ ఇరవై ఎనిమిదేళ్లుగా చేస్తున్నాడు. పెళ్లి ఆయన మేనకోడలు సిడోనియెది. తల్లి పోయాక ఆయన ఇంట్లోనే పెరిగింది. వరుడు యూలియుస్ హాన్‌ష్టైన్ అనే స్వరకర్త, లైప్‌జిగ్‌లో పేరున్నవాడు.

బెనిగ్నా కేకు నమలడం ఆపింది. ఆమె మూటలో ఉన్నవి ఆ హాన్‌ష్టైన్ పాటలే, పన్నెండు ప్రేమ పాటలు. వధువుకి పెళ్లి కానుకగా ఆయన కట్టినవి, ఆమె రాసినవి. ఆయన చిత్తు రాత కోడి గెలికినట్టుంటుంది. పదకొండేళ్లుగా ఆ గెలుకుడు చదవగలిగిన మనిషి ప్రపంచంలో ఆమె ఒక్కతే, రాసినాయనతో కలిపి లెక్కేసినా సరే. కానుక కాబట్టి ఈసారికి గుర్తు పెట్టొద్దన్నాడాయన. పెళ్లి మాట కదా అని, జీవితంలో మొదటిసారి ఆమె సరేనంది. బైండు చేసేవాడు ఆలస్యం చేశాడు, వరుడు ముందే వెళ్లిపోయాడు. ఎవరి చేతికో ఇచ్చి పంపడం ఇష్టం లేక తనే బయల్దేరింది. ఇవేవీ ఆమె చోకెకి చెప్పలేదు. నీ పనేమిటని ఆయన అడిగితే రాతపని అంది. ఆయన అంతకంటే అడగలేదు, తన మాట చెప్పుకునే తొందరలో ఉన్నాడు.

ఆ పిల్లని మొదట ఒక మిల్లు యజమాని అడిగాడట. భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు. కాంటోరు మనసు అటే ఉండేది. హాన్‌ష్టైన్ అంటే ఆయనకి గిట్టదు. ముక్కోపి అనీ, పాడేదాని మీదికి సిరాబుడ్డి విసిరాడనీ విన్నాడు. పిల్ల రెండు వైపులా చూస్తూ ఏడాది గడిపింది. ఈలోగా లైప్‌జిగ్ నుంచి నెలకో పాట రావడం మొదలైంది. మేనకోడలు పాడేది, మేనమామ వాయించేవాడు.

"చెప్తే నవ్వుతారు," అన్నాడు చోకె. "ఇన్నేళ్లూ ఆర్గన్ ముందు ఒక్కణ్నే కూచుంటున్నాను. పుట తిప్పిపెట్టే దిక్కు లేదు. నోటితో తిప్పాను, మోచేత్తో తిప్పాను, ఒక ఈస్టర్ రోజున ముక్కుతో తిప్పాను. ఆ హాన్‌ష్టైన్ పంపిన పుటలు ఉన్నాయే, ఒక్కచోట, ఒక్కటంటే ఒక్కచోట నా చెయ్యి ఆగలేదు. పుట అయ్యేసరికి ఏదో ఒక చేతికి తీరిక. ఎలా కుదుర్చుతాడో! అప్పుడనుకున్నాను. అవతలివాడి చెయ్యి గురించి ఇంత ఆలోచించేవాడు పెళ్లాం మీద చెయ్యెత్తడు. నేనే పిల్లకి చెప్పాను, వీణ్ని చేసుకో అని. మిల్లాయనకి కబురు పంపించేశాను."

బయట బంగాళాదుంప పొలాలు వెనక్కి పోతున్నాయి. బెనిగ్నా వాటినే చూస్తూ, ఆ కాగితాలు ఎలా ఉంటాయని అడిగింది. ఊరికే మాట కలిపినట్టు.

"శుభ్రంగా. పైగా పొదుపరి. ఆఖరి కాగితానికి అడుగున ఖాళీ మిగులుతుంది చూశారూ, దాన్ని వేలెడు వెడల్పున కత్తిరించి దాచుకుంటాడు. ప్రతి పాటకీ అంతే. సంగీతగాళ్లలో పొదుపు ఎక్కడ చూస్తాం."

"ప్రతి పాటకీనా?"

"ప్రతి పాటకీ. కత్తెర తిన్నగా పడుతుంది కూడా."

చేతిలో మిగిలిన కేకు ముక్కని బెనిగ్నా రుమాల్లో పెట్టి మడిచింది. బాకా బొమ్మ ఎంత ఎత్తుంటుందో ఆమెకి తెలుసు. సరిగ్గా వేలెడు. ఏడాదిగా నెలనెలా ఆమె గుర్తు పెట్టి ఇచ్చింది, ఏడాదిగా ఆయన కత్తెర పెట్టి తీసేశాడు. ఆ కాగితాలు చూసి ఇక్కడ ఒకాయన ఒకడి గుణం నిర్ణయించి, ఒక పిల్ల నోట ఊఁ అనిపించాడు. పెళ్లి చేసుకోబోయేది ఎవరి చేతిని? ఆ ప్రశ్న మీద ఆమె ఎక్కువసేపు ఆగలేదు, అలాంటి ప్రశ్నలు ఆమెకి అలవాటు లేదు. ఆమెకి తోచింది ఒక్కటే. ఈ పుస్తకం గుర్తు లేకుండా హాన్‌ష్టైన్ చేతికి వెళ్లదు.

మిగిలిన దారంతా చోకె మాట్లాడుతూనే ఉన్నాడు. లైప్‌జిగ్ కాఫీ ఎంత పల్చనంటే కప్పు అడుగున వేసిన పువ్వు బొమ్మ రెక్కలు లెక్కపెట్టుకోవచ్చన్నాడు, ఈ కాలం పాస్టర్లకి శ్రుతి లేదన్నాడు, వరుడికి తాను ఇవ్వబోయే ఉపదేశం మొత్తం వినిపించాడు. ఆమె దిగాల్సిన ఊరూ అదేనని బండి ఆగాకే తెలిసిందాయనకి. పెళ్లింటికే వస్తోందని తెలిసి, బంధువులెవరో అనుకుని బుట్ట ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని నేల మీద పెట్టేసి నడిచింది.

సూర్యుడు ఇంకా చర్చి పైకప్పు మీదే ఉన్నాడు. చోకె ఇంటి ముందు పెంకులు పగలగొట్టే తంతు మాత్రం అప్పుడే సగం అయింది. పెళ్లి ముందు రోజు ఊరు ఊరంతా వచ్చి పాత పళ్లేలూ చిల్లు కూజాలూ వధువు గుమ్మంలో పగలేసి పోతారు. చిమ్మాల్సింది వధూవరులు. ఎవరికి ఎవరి మీద కసి ఉన్నా ఆ సాయంత్రం ఒక కుండతో తీర్చుకోవచ్చు. మిల్లాయన ఇంట్లోంచి వచ్చిందట ఒక పెద్ద జాడీ, మూడు ముక్కలైంది. ఆ ముక్కల్నే చీపురుతో తోస్తున్నాడు హాన్‌ష్టైన్. మంచి కోటు, మంచి బూట్లు, మూతి మాత్రం ముడుచుకుని ఉంది.

"రాయ్‌షరమ్మా, నువ్వెందుకొచ్చావ్?" అన్నాడు, గొంతు తగ్గించి. "ఎవరితోనైనా పంపమన్నానుగా."

పుస్తకం తెచ్చానంది. ఆయన చెయ్యి చాచాడు. ఆమె మూట ఇవ్వలేదు. సిరా ఒకసారి తెప్పించండి, గుర్తు పెట్టి ఇస్తానంది. ముందే మాట్లాడుకున్నాం కదా అన్నాడాయన. ముందు మాట్లాడుకున్నప్పుడు కత్తెర సంగతి నాకు తెలియదంది. ఆయన చీపురు ఆపి, వెనకాల చెమటలు కక్కుతూ వస్తున్న చోకె వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, ఏం జరిగిందో అర్థం చేసుకున్నాడు.

"విను. అచ్చు దుకాణం వాళ్లు నా పాటలన్నీ కలిపి వేస్తున్నారు. అది రెండేళ్ల రాత. నీకే ఇప్పిద్దామనుకున్నాను. ఇప్పుడు నువ్వు నోరు విప్పితే నీ నాలుగో అంతస్తులో నీకు మిగిలేది పావురాలు."

ఆమె కళ్లు ఇంకో పదేళ్లు వస్తాయో రావో. రెండేళ్ల రాత అంటే ఏమిటో ఆమెకి ఆయన చెప్పాల్సిన పని లేదు. ఆ తటపటాయింపులో ఉండగానే చోకె వచ్చి, ఏమిటీ నిలబెట్టి మాట్లాడుతున్నావ్ అంటూ మూట ఆమె చేతిలోంచి మర్యాదగా లాగేసుకున్నాడు. ముడి విప్పి, అట్ట మీద బంగారు అక్షరాలు చూసి, అమ్మాయ్, నీ పాటలు వచ్చాయంటూ లోపలికి పరుగెత్తాడు. అంత లావు మనిషి పరుగెత్తడం ఊరివాళ్లు ఎన్నడూ చూడలేదు. హాన్‌ష్టైన్ చీపురు గోడకి ఆనించి, వంటింటి వైపు వేలు చూపించాడు. అక్కడ కాఫీ ఉంటుంది తాగి పొమ్మన్నాడు.

వంటింటికీ ముందు గదికీ మధ్య తలుపు తెరిచే ఉంది. బెనిగ్నా కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు, గుమ్మంలో నిలబడింది. సిడోనియె పియానో ముందు కూర్చుని మొదటి పాట నుంచి మొదలెట్టింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, సన్నని గొంతు, తొందరపాటు లేని వేళ్లు. చేతుల నిండా పెంకుల దుమ్ము ఉంటే కడుక్కుని మరీ కూర్చుంది. పుటలు తిప్పడానికి పెళ్లికొడుకు పక్కన నిలబడ్డాడు. చెయ్యి చాచేలోగా ఆ పిల్లే తిప్పేసుకుంటోంది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. చూస్తున్నవాళ్లు నవ్వారు. చోకె మురిసిపోతూ ఒక్కో మలుపు దగ్గరా పొరుగువాణ్ని మోచేత్తో పొడిచి, చూశావా, కుడి చెయ్యి ఖాళీ, చూశావా, ఇప్పుడు ఎడమది, అంటున్నాడు.

తొమ్మిదో పాటలో ఒక పుట అడుగున రెండు వరసల గీతలు ఖాళీగా ఉన్నాయి. గీతలు గీసి ఉన్నాయి, వాటి మీద స్వరాలు లేవు. పాట వెనక పుటలో కొనసాగుతోంది. చోకె కళ్లజోడు సర్దుకుని దాని మీదికి వంగాడు. ఆ ఖాళీ ఎందుకు వదిలావు నాయనా అని అడిగాడు. గురువు శిష్యుణ్ని పదిమందిలో మెచ్చుకోబోతూ అడిగే ప్రశ్న అది. జవాబు ఆయనకి ముందే తెలుసు, వరుడి నోట వినాలని ముచ్చట.

హాన్‌ష్టైన్ ఒక క్షణం పుటని చూశాడు. "అదా. అది పొరపాటండీ. కాగితానికి గీతలు గీసిపెట్టే ముసలావిడ ఒకావిడ ఉంది, కళ్లు కనపడవు. పాపమని ఉంచుకున్నాను."

"పొరపాటు కాదు," అంది బెనిగ్నా గుమ్మంలోంచి.

గదిలో తలలన్నీ అటు తిరిగాయి.

"ఆ రెండు వరసలూ అక్కడ రాస్తే పుట తిరిగే చోట రెండు చేతులకీ పని పడుతుంది. అందుకని ముందే ఆపాను. వెనక పుట చూడండి, మొదట ఎడమ చెయ్యి ఒక్కటే ఉంటుంది."

చోకె పుట తిప్పి చూశాడు. ఎడమ చెయ్యి ఒక్కటే ఉంది. ఆయన మెల్లగా వరుడి ముఖం చూశాడు. ఇరవై ఎనిమిదేళ్లు పిల్లల అబద్ధాలు విన్నవాడు, ఇంకో ప్రశ్న అడగలేదు.

"పాట నాది," అన్నాడు హాన్‌ష్టైన్. చెవులు ఎర్రబడ్డాయి కానీ గొంతు తడబడలేదు. "ప్రతి స్వరం నాది. ఈవిడ పోసింది సిరా. కుట్టుపనివాడి పేరు కోటు మీద రాసుకుని తిరుగుతామా?"

"పాట నాదని నేననలేదు. చెయ్యి నాది," అంది బెనిగ్నా.

ఏడాదిగా వచ్చినవన్నీ మీరు రాసినవేనా అని సిడోనియె ఆమెని అడిగింది. అన్నీ అంది. అడుగున కత్తిరించింది ఏమిటని అడిగితే అదీ చెప్పింది. చోకె మధ్యలో అందుకున్నాడు. ఆయన కోపం వరుడి మీద కాదు, ఎందుకో బెనిగ్నా మీదికే వచ్చింది. "దారంతా నా ఎదురుగా కూచుని, నా కేకు తిని, నా నోటి మాటలన్నీ విని, ఉలుకూ పలుకూ లేకుండా వచ్చావు కదా! అప్పుడే చెప్తే నేనీ పదిమందిలో వెర్రివెధవని అయ్యేవాణ్ని కాదు."

"మీరు అడగలేదు. మిమ్మల్ని ఆపడం ఎవరి తరం?"

ఎవరో కిసుక్కుమన్నారు. కాంటోరు వెనక్కి తిరిగి చూసిన చూపుకి ఆ నవ్వు బడిపిల్లవాడి నవ్వులా చప్పబడింది.

సిడోనియె మాత్రం పుటని వేలితో నిమురుతూ కూర్చుంది. ఏడాది పాటు ఈ ఖాళీలు చూసే ఆమె మనసు ఒక వైపు మొగ్గింది. చివరికి తలెత్తి, పదిమందీ ఉన్నారన్నది పట్టించుకోకుండా అడిగింది. "ఇక్కడ ఆపినప్పుడు ఎవర్ని తలుచుకున్నారు మీరు?"

"ఎవర్నీ లేదు. చేతిని."

"అంటే ఎవరికైనా ఇలాగే రాస్తారా?"

"ఎవరికైనా. కసాయివాడు పియానో కొనుక్కున్నా ఇలాగే రాస్తాను."

ఈ మాట కొంచెం మెత్తగా చెప్పి ఉండొచ్చు. బెనిగ్నాకి మెత్తగా చెప్పడం ఎవరూ నేర్పలేదు, పైగా అది నిజం. ఆ పిల్ల ముఖం తెల్లబోయింది. వరుడు అబద్ధమాడాడని తెలిసినప్పుడు కూడా అంత తెల్లబోలేదు. అందులో ప్రేమ ఉందనుకుంది ఆమె. అది ఒకరిది కాకపోతే ఇంకొకరిదనైనా అనుకోవచ్చు. అసలు ఎవరిదీ కాదంటే ఏమనుకోవాలి?

ఆమె పుస్తకం మూసింది. వరుడి వైపు తిరిగి, పాస్టర్ రేపు పది గంటలకి వస్తాడని గుర్తు చేసింది. ఈలోగా ఒక్క పాట, ఏదైనా సరే, మీ చేత్తో రాసి తెండి అంది. తన రాత ఎవరూ చదవలేరని ఆయన నసిగాడు.

"చదవలేకపోతే ఆ సంగతి పది గంటలకి పాస్టర్‌కి నేనే చెప్పుకుంటాను."

తర్వాత పుస్తకాన్ని పియానో మీద బెనిగ్నా వైపు తోసింది. మామయ్య బల్ల మీది సిరాబుడ్డీ కలమూ తెప్పించి పక్కన పెట్టించింది.

"మీ గుర్తేదో పెట్టుకోండి. ఇది ఇంక కానుక కాదుగా, నకలు."

ఇస్తున్నది గౌరవం కాదని గదిలో అందరికీ తెలుసు. బెనిగ్నాకి అందరికంటే బాగా తెలుసు. ఆమె వచ్చి ఆఖరి పుట తెరిచింది. కాంటోరు కలం మొద్దుబారి ఉంటే చాకు అడిగి తీసుకుని చెక్కింది. బాకా బొమ్మ గీసింది, అక్షరాలు వేసింది, తేదీ వేసింది. సిరా మీద ఇసుక చల్లి, అది పీల్చుకునేదాకా ఆగి, పుట వంచి ఇసుకని మళ్లీ డబ్బాలోకి జార్చింది. వీధిలో ఎవరో ఆలస్యంగా వచ్చినవాడు ఒక పళ్లెం పగలగొట్టాడు.

ఇక పనికని నా గుమ్మం తొక్కొద్దన్నాడు హాన్‌ష్టైన్. ఇప్పుడు పాట రాయడానికి గీతల కాగితం కూడా లేదని గుర్తొచ్చి కాబోలు, మళ్లీ ఏదో అనబోయి మానేశాడు. చోకెకి ఇంటిపెద్దనన్న సంగతి గుర్తొచ్చింది. రేపు మధ్యాహ్నం దాకా ఇక్కడ లైప్‌జిగ్ బండి లేదనీ, ఉంటే గ్రిమ్మాలోనే ఉండాలనీ, ఇష్టమున్నా లేకపోయినా ఆడమనిషిని ఇంట్లోంచి పంపేశానన్న మాట తనకొద్దనీ, మేడ మీద పడక వేయిస్తాననీ గొణుగుతున్నాడు. ఆ గొణుగుడు ఇంకా సాగుతుండగానే బెనిగ్నా శాలువా కప్పుకుని, పుస్తకం వైపు గానీ మనుషుల వైపు గానీ చూడకుండా గుమ్మం దిగింది. ఇంకా చిమ్మని పెంకుల మీదుగా, బూట్ల కింద అవి కరకరమంటుంటే, గ్రిమ్మా దారి పట్టి నడిచిపోయింది.